కార్యకర్తకు బీమా ఉంది, ఓటు లేదు

తెలుగునాట గత కొన్నేళ్లలో మూడు పార్టీలు దాదాపు చచ్చి బతికాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాల్లో 23కు పడిపోయిన తెలుగుదేశం, 2024లో సొంతంగానే 135 గెలుచుకుంది. 2019లో అధినేత పోటీ చేసిన రెండు చోట్లా ఓడిపోయి ఒకే ఒక్క సీటుతో మిగిలిన జనసేన, 2024లో నిలబడిన 21 స్థానాల్లోనూ నెగ్గింది. తెలంగాణలో 2018లో 19 సీట్లు తెచ్చుకున్న కాంగ్రెస్, ఏడాది తిరక్కుండానే 12 మంది ఎమ్మెల్యేలను అధికార పక్షానికి పోగొట్టుకుని ప్రతిపక్ష హోదా కూడా కోల్పోయింది. అదే కాంగ్రెస్ 2023లో 64 సీట్లతో గద్దెనెక్కింది.

ఈ గెలుపులకు వార్‌రూమ్ నిపుణులు ఒక కారణం చెబుతారు, ఊళ్లో బూత్ కన్వీనర్ ఇంకో కారణం చెబుతాడు. రీల్స్‌కు ఎన్ని వ్యూస్ వచ్చాయో, ఏ హ్యాష్‌ట్యాగ్ ఎన్ని గంటలు ట్రెండయిందో వారు లెక్క తీస్తారు. పెట్టిన కేసులు, తిరిగిన కోర్టు వాయిదాలు, ఎండలో ఇంటింటికీ మోసిన కరపత్రాలు ఇతను గుర్తుచేస్తాడు. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ ఈ ఇద్దరూ చెబుతున్నది పార్టీ ఎలా గెలిచిందన్న సంగతే. గెలిచిన పార్టీ లోపల ఏమైనా మారిందా అని అడిగితే మాత్రం ఇద్దరి దగ్గరా జవాబు ఉండదు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే.

కొల్లాపూర్ చెప్పిన లెక్క

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నియోజకవర్గాన్ని చూస్తే ఈ కథంతా ఒక్కచోటే కనిపిస్తుంది. 2023 ఎన్నికల్లో తెలుగువారి ఫోన్లలో మారుమోగిన పేరు బర్రెలక్క. చదువుకున్నా ఉద్యోగం లేక బర్రెలు కాస్తున్నానంటూ చేసిన వీడియోతో పేరు తెచ్చుకున్న కర్నె శిరీష, ఈల గుర్తుపై స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. ఎక్కడెక్కడి ప్రముఖులో మద్దతు పలికారు. విరాళాలు వచ్చాయి. లక్షల మంది చూశారు. లెక్కింపు నాడు ఆమెకు దక్కిన ఓట్లు ఆరు వేల లోపే. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ప్రధాన పార్టీల మధ్య నలిగిన ఒంటరి అభ్యర్థికి అన్ని ఓట్లు రావడమే గొప్ప. వీడియో చూసి మెచ్చుకున్నవారు గుంటూరులోనో, కరీంనగర్‌లోనో, డాలస్‌లోనో ఉన్నారు. ఓటు వేయాల్సినవారు కొల్లాపూర్‌లో ఉన్నారు. ఈ ఇద్దరి మధ్య దూరాన్ని ఫోన్ చెరపలేదు. దాన్ని చెరిపేది పోల్ చిట్టీ చేత్తో పట్టుకుని గడప ఎక్కే మనిషే.

మరి ఆ మనిషికి పార్టీలో ఏం దక్కింది? దానికి జవాబూ అదే నియోజకవర్గంలో ఉంది. 2018లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్‌రెడ్డి, అప్పటి టీఆర్ఎస్ మంత్రి జూపల్లి కృష్ణారావును ఓడించారు. తర్వాతి ఏడాదే బీరం టీఆర్ఎస్‌లో చేరిపోయారు. 2023లో జూపల్లి, బీఆర్ఎస్‌గా పేరు మారిన టీఆర్ఎస్ నుంచి బయటికొచ్చి కాంగ్రెస్‌లో చేరారు, టికెట్ తెచ్చుకున్నారు, బీరాన్ని ఓడించి మంత్రి అయ్యారు. జూపల్లి పాత కాంగ్రెస్ మనిషే, గట్టి అభ్యర్థే. ఎన్నికల లెక్కలో ఆ నిర్ణయం తప్పు కాలేదు కూడా. కానీ ఎమ్మెల్యే పోయినా జెండా దించని గ్రామ కార్యకర్త వైపు నుంచి చూడండి. 2018లో ఎవరిని ఓడించమని ఊరంతా తిరిగాడో, అయిదేళ్ల తర్వాత ఆయన్నే గెలిపించమని అదే వీధుల్లో తిరిగాడు. మధ్యలో అతన్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా?

ఫోన్ చేసిన మేలు

సోషల్ మీడియాను తక్కువ చేసి మాట్లాడటం ఇప్పుడు పెద్దరికమైపోయింది. అది సరికాదు. అధికారంలో ఉన్నవారి చేతిలో పత్రికలు, ఛానెళ్లు, పోలీసులు అన్నీ ఉన్నప్పుడు ఓడిన పార్టీ నోరు తెరిచే చోటు అదొక్కటే. 2020లో విశాఖ గ్యాస్ లీకేజీపై ఒక పోస్టు షేర్ చేసినందుకు గుంటూరులో వయసు మీదపడిన మహిళపై సీఐడీ కేసు పెట్టింది. పాలకులు ఆ మాధ్యమానికి ఎంత భయపడ్డారో ఆ కేసే చెబుతుంది. ప్రభుత్వం మారాక అదే తరహా కేసులు అవతలి పార్టీ వారిపై పడ్డాయి. కుర్చీలో కూర్చున్నవారు మారినా ఆ భయం మారలేదు.

అయితే ఏ పోస్టు పనిచేసింది, ఏది గాలికి పోయింది అన్నది చూడాలి. 2019లో జనసేనకు ఆన్‌లైన్‌లో ఉన్నంత సందడి మరే పార్టీకీ లేదనిపించేది. వచ్చింది ఐదున్నర శాతం ఓట్లు. 2022 నాటికి ఆ పార్టీ దారి మార్చింది. ఆ ఏడాది జులైలో ‘గుడ్ మార్నింగ్ సీఎం సార్’ పేరుతో గుంతల రోడ్ల ఫొటోలు పెట్టమని పిలుపునిచ్చింది. ఎవరి ఊరి రోడ్డు వారే ఫొటో తీసి పెట్టారు. అభిమానం చాటుకోవడానికి పెట్టిన పోస్టులు కావవి. రోజూ బండి మీద ఒళ్లు హూనం చేసుకుంటున్నవారి ఫిర్యాదులు. అదే ఏడాది ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతుల ఇళ్లకు వెళ్లి కుటుంబానికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చే యాత్ర కూడా నడిచింది. 2024 ఫలితంలో తెలుగుదేశంతో పొత్తు పాత్ర పెద్దదే. కానీ పొత్తులో బేరమాడగల బలం ఈ రెండేళ్ల పనితోనే వచ్చింది.

ఈ తేడాను భూహక్కు చట్టం ఇంకా బాగా చెబుతుంది. నీతి ఆయోగ్ నమూనా ఆధారంగా వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం తెచ్చిన ఆ చట్టం 2023 అక్టోబరు చివర్లో అమల్లోకి వచ్చింది. దానిపై మొదట గొంతెత్తింది పార్టీలు కావు, బార్ అసోసియేషన్లు. న్యాయవాదులు కోర్టు విధులు బహిష్కరించి రోడ్డెక్కారు. అప్పటికే రైతు చేతికొచ్చిన పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో ఉంది. పొలంలో పాతిన సర్వే రాయి మీద పథకం పేరు ఉంది. తాత ఇచ్చిన పొలానికి ఈయన బొమ్మ ఎందుకు అన్న ప్రశ్న రచ్చబండ మీద ముందే పుట్టింది. ఫోన్లు ఆ ప్రశ్నను ఊరూరా మోశాయి. అదంతా దుష్ప్రచారమని వైఎస్సార్‌సీపీ ఎంత చెప్పినా, పుస్తకం ఇంట్లో కళ్లెదుట కనిపిస్తుంటే జవాబు ఎక్కలేదు. కొత్త ప్రభుత్వం రాగానే ఆ చట్టాన్ని రద్దుచేసింది. నేల మీద పుట్టిన మాటను ఫోన్ ఊరు దాటించగలదు. నేల మీద లేని మాటను పుట్టించబోతే రెండు రోజులు ట్రెండవుతుంది, మూడో రోజుకు ఉండదు.

కంటికి కనిపించని పని

బూత్ స్థాయి పని ఫొటోలో అందంగా ఉండదు. ఓటరు జాబితా తీసుకుని ఒక్కో ఇంటి ముందు నిలబడి, ఉన్నవారెవరు, పోయినవారెవరు, బెంగళూరు వెళ్లినవారెవరు అని సరిచూసుకోవాలి. బతికున్న మనిషి పేరు తీసేయమని ఎవరైనా ఫారం-7 పెడితే పసిగట్టాలి. అనంతపురం జిల్లా ఉరవకొండలో ఓట్ల తొలగింపుపై పయ్యావుల కేశవ్ వెంటపడి చేసిన ఫిర్యాదుల మీదే 2023లో అధికారులపై సస్పెన్షన్ వేటు పడింది. ఏ పేరు పోయిందో ఊళ్లో తిరిగి చూసినవారు లేకుండా అలాంటి ఫిర్యాదు నిలబడదు.

2023 మార్చిలో జరిగిన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలే తెలుగుదేశానికి మలుపు. పట్టభద్రుల స్థానంలో ఓటరు జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. పాత ఓటరైనా మళ్లీ దరఖాస్తు చేసుకోవాల్సిందే. అంటే ఎవరి మనుషులు డిగ్రీ పట్టాలున్న ఇళ్లు వెతికి ఫారాలు నింపించారో వారికే సగం ఎన్నిక గెలిచినట్టు. ఉత్తరాంధ్ర, తూర్పు రాయలసీమ, పశ్చిమ రాయలసీమ మూడూ తెలుగుదేశానికి దక్కాయి. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీనే కోల్పోయిన పార్టీ అది. 2023 జనవరిలో అదే కుప్పం నుంచి లోకేశ్ యువగళం పాదయాత్ర మొదలై 3,100 కిలోమీటర్లకు పైగా సాగింది. సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టయినప్పుడు హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో రోడ్డెక్కిన ఉద్యోగుల్లో చాలామంది ఏ పార్టీ కమిటీలోనూ లేనివారే. వారిని ఒకచోటికి చేర్చింది వాట్సాప్ గ్రూపులు. కానీ ఊళ్లో ఓట్లు వేయించింది వారు కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. వైఎస్సార్‌సీపీ అయిదేళ్లలో దాదాపు 2.6 లక్షల మంది వాలంటీర్లను నిలబెట్టింది. యాభై ఇళ్లకు ఒకరు. పథకం గడప దాకా చేరింది. మధ్యలో పార్టీ కార్యకర్త అవసరం లేకుండా పోయింది. పింఛను రాకపోతే జనం వాలంటీరును అడిగారు, కార్యకర్తను కాదు. ఆర్థిక సంఘం నిధులు తమ చేతికి దక్కడం లేదని ఆ పార్టీ సర్పంచులు కూడా వాపోయారు. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించేసరికి, ఆ ఖాళీని నింపాల్సిన కార్యకర్త ఎప్పుడో ఇంటికి పోయి కూర్చున్నాడు. దాదాపు 39 శాతం ఓట్లు వచ్చినా సీట్లు 11కు పడిపోయాయి. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఇదొకటని ఆ పార్టీ అధినేతే పరోక్షంగా ఒప్పుకున్నారు. 2025 ఫిబ్రవరిలో ఆయన ప్రకటించిన ‘జగన్ 2.0’ సారాంశం, ఈసారి కార్యకర్తలకే పెద్దపీట అని.

గెలిచాక ఎవరి మాట చెల్లుతుంది?

ఇక్కడికి వచ్చేసరికి పార్టీలన్నీ ఒకే పాట పాడుతున్నాయి. 2025 మేలో కడప మహానాడులో తెలుగుదేశం ప్రకటించిన ఆరు శాసనాల్లో చివరిది ‘కార్యకర్తే అధినేత’. వినడానికి బాగుంది. ఆ మహానాడులోనే చంద్రబాబు మళ్లీ ఏకగ్రీవంగా జాతీయ అధ్యక్షుడయ్యారు. 1995 నుంచి ఆ పదవి ఆయనదే.

2021 ఏప్రిల్ పరిషత్ ఎన్నికలు గుర్తున్నవారికి ఆ శాసనం విలువ తెలుస్తుంది. ఎన్నికలను బహిష్కరిస్తున్నామని అధిష్ఠానం ఒక్కసారిగా ప్రకటించింది. అప్పటికే నామినేషన్లు వేసి, బెదిరింపులు తట్టుకుని బరిలో ఉన్న కార్యకర్తలు నివ్వెరపోయారు. జ్యోతుల నెహ్రూ నిరసనగా రాష్ట్ర ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. అశోక్ గజపతిరాజు వంటి పెద్దలే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టారు. కొన్నిచోట్ల కార్యకర్తలు మాట వినకుండా పోటీలో నిలబడ్డారు. స్థానిక ఎన్నిక కార్యకర్త సొంత ఎన్నిక. ఎంపీటీసీ కావాలని ఇరవయ్యేళ్లుగా ఎదురుచూసే మనిషి అతను. ఆ ఎన్నికలో దిగాలా వద్దా అన్నది అతన్ని అడగకుండానే తేలిపోయింది.

మిగతా పార్టీలు ఇంతకంటే మెరుగేమీ కాదు. 2022 ప్లీనరీలో జగన్‌ను జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకోబోతే, శాశ్వత అధ్యక్ష పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘమే అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. బీఆర్ఎస్‌కు 2001 నుంచీ ఒక్కరే అధ్యక్షుడు. 2025 వరంగల్ సభ లోటుపాట్లు చెప్పడానికి సాక్షాత్తూ అధినేత కూతురే రహస్యంగా లేఖ రాయాల్సి వచ్చింది. అది బయటపడ్డాక మూడు నెలలు దాటేసరికి ఆమె పార్టీలోనే లేరు. కూతురికే నోరు విప్పే వేదిక లేని చోట మండల కార్యదర్శి సంగతి చెప్పేదేముంది? కాంగ్రెస్ కాస్త నయం. 2022లో ఖర్గే, శశి థరూర్ మధ్య రహస్య బ్యాలెట్‌తో అధ్యక్ష ఎన్నిక జరిపింది. జిల్లా అధ్యక్షుల ఎంపికకు పరిశీలకులను పంపి కార్యకర్తల అభిప్రాయం తీసుకుంటోంది. అయినా పీసీసీ అధ్యక్షుడి పేరు ఇప్పటికీ ఢిల్లీ నుంచే వస్తుంది.

టికెట్ల సంగతీ అంతే. ఇప్పుడు ఐవీఆర్ఎస్ ఫోన్ వస్తుంది. ఫలానా అభ్యర్థి ఇష్టమైతే ఒకటి నొక్కండి, ఇంకొకరు ఇష్టమైతే రెండు నొక్కండి అంటుంది. ఎంతమంది ఏది నొక్కారో బయటికి చెప్పేవారు ఉండరు. ఫలితం అధినేత దగ్గర ఉంటుంది, దాన్ని పాటించాలన్న నియమమూ లేదు. ఇది అభిప్రాయ సేకరణే తప్ప ఎన్నిక కాదు.

సభ్యత్వం మాటకొద్దాం. వంద రూపాయలు కడితే తెలుగుదేశం సభ్యుడికి అయిదు లక్షల ప్రమాద బీమా. ఆ నమోదు కోటి దాటిందని పార్టీ ప్రకటించింది. జనసేన క్రియాశీలక సభ్యత్వానికి అయిదు వందలు, బీమా అయిదు లక్షలు. కాంగ్రెస్ 2022లో డిజిటల్ సభ్యత్వంతో తెలంగాణలో దాదాపు 40 లక్షల మందిని చేర్చుకున్నట్టు చెప్పుకుంది, అక్కడా బీమా ఉంది. కూలిపనికి వెళ్లే కార్యకర్త కుటుంబానికి అది నిజంగా ఆసరాయే, ఎగతాళి చేయాల్సింది కాదు. కానీ ఇన్ని లక్షల మంది సభ్యులు తమ పార్టీలో దేనికి ఓటు వేస్తారు? గ్రామ కమిటీ అధ్యక్షుడి పేరు ఇన్‌చార్జి చెబుతాడు, మండల అధ్యక్షుడి పేరు ఎమ్మెల్యే చెబుతాడు. పార్టీకి సభ్యుడు ఒక ఫోన్ నంబరు, ఒక బీమా పాలసీ. అంతవరకే.

చట్టం కూడా ఇందులో పెద్దగా చేయగలిగింది లేదు. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యానికి చట్టం కావాలని లా కమిషన్ 1999లోనే తన 170వ నివేదికలో సిఫార్సు చేసింది. అది అక్కడే ఆగింది. పార్టీ నమోదును రద్దుచేసే అధికారం ఎన్నికల సంఘానికి బహు పరిమితమని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పార్టీ మారాలంటే లోపల నుంచే మారాలి.

అడిగితే పార్టీ మునుగుతుందా?

దీనికి నాయకులు చెప్పే అభ్యంతరం ఒకటుంది. కార్యకర్తల చేతికి నిర్ణయం ఇస్తే పార్టీ ముఠాల పాలవుతుంది, జనానికి దూరమవుతుంది అంటారు. కొట్టిపారేయదగ్గ మాట కాదిది. బ్రిటన్‌లో లేబర్ పార్టీ మూడు పౌండ్లు కట్టిన మద్దతుదారుకు కూడా నాయకుణ్ని ఎన్నుకునే ఓటు ఇచ్చింది. 2015లో ఎంపీల్లో పెద్దగా బలం లేని జెరెమీ కోర్బిన్ దాదాపు 60 శాతం ఓట్లతో నాయకుడయ్యారు. సభ్యుల సంఖ్య అయిదు లక్షలు దాటింది. యువ కార్యకర్తలు ఫోన్లతోనూ, ఇంటింటి ప్రచారంతోనూ 2017లో పార్టీని 40 శాతం ఓట్లకు తెచ్చారు. రెండేళ్లకే 2019లో అదే పార్టీ 202 స్థానాలకు పడిపోయింది, 1935 తర్వాత అంతటి ఓటమి లేదు. తర్వాతి నాయకుడు ఆ వర్గాన్ని పక్కనపెట్టి, 2024లో 34 శాతం ఓట్లతోనే 411 సీట్లు తెచ్చారు.

ఢిల్లీ అనుభవం ఇందుకు రెండో వైపు. కాంగ్రెస్ మద్దతుతో ప్రభుత్వం ఏర్పాటు చేయాలా వద్దా అని 2013 డిసెంబరులో ఆమ్ ఆద్మీ పార్టీ జనాన్ని సభల్లో, ఎస్సెమ్మెస్‌లలో అడిగింది. 2015లో 70కి 67 గెలిచాక రెండు నెలలకే, ప్రశ్నించిన యోగేంద్ర యాదవ్‌ను, ప్రశాంత్ భూషణ్‌ను బయటికి పంపింది. పదేళ్లకు 22 సీట్లు మిగిలాయి. అడగడం మానేశాక పార్టీకి తన తప్పు చెప్పేవారు లేకుండా పోయారు.

ఈ రెండు ఉదాహరణల్ని పక్కపక్కన పెడితే తేలేది ఒకటే. సభ్యుడికి ఓటు ఇస్తే గెలుపు ఖాయమని ఎవరూ చెప్పలేరు. ఓటమి ముంచుకొస్తున్నప్పుడు హెచ్చరిక మాత్రం ముందే అందుతుంది. లేబర్ చేసిన పొరపాటు ఆ ఓటును మూడు పౌండ్లు కట్టిన ప్రతివారికీ ఇవ్వడం. పొరుగింటి ఓటరు ఏమనుకుంటున్నాడో తెలియనివారు నాయకుణ్ని తేల్చారు. మన ఊళ్లలో బూత్ కార్యకర్తకు ఆ ఇబ్బంది లేదు. రోజూ అతను చూసేది అవతలి పార్టీకి ఓటేసే ముఖాలనే. వైఎస్సార్‌సీపీకి 2023లోనే గాలి మారిందని చెప్పగలిగినవాడు అతనే. చెప్పే దారి అతనికి లేదు.

1983ను గుర్తు చేసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. పుట్టిన తొమ్మిది నెలలకే తెలుగుదేశం 200కు పైగా స్థానాలు గెలిచిందని అందరూ చెబుతారు, చైతన్యరథం గురించి చెబుతారు. ఆ గెలుపుతో రాజకీయం నిజంగా మారిందంటే, అంతకుముందు ఎన్నడూ శాసనసభ మెట్లెక్కని డాక్టర్లు, లాయర్లు, టీచర్లు, వెనుకబడిన కులాల యువకులు టికెట్లు తెచ్చుకోవడం వల్ల. ఆనాటి రథం స్థానంలో ఈనాడు రీల్ వచ్చింది. టికెట్ మాత్రం ఎక్కువగా వారసుడికో, కాంట్రాక్టరుకో, నిన్న కండువా మార్చుకున్నవారికో పోతోంది.

చేయదలచుకుంటే చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. రెండేళ్లు సభ్యత్వం ఉండి బూత్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరికీ గ్రామ, మండల కమిటీ ఎన్నికలో రహస్య ఓటు ఇవ్వాలి. అసెంబ్లీ టికెట్‌కు మండల కమిటీలు పంపిన మూడు పేర్లలో ఒకదాన్నే అధిష్ఠానం ఎంచుకోవాలి. పార్టీ మారి వచ్చినవారు ఒక ఎన్నిక ఆగాలి. సోషల్ మీడియా విభాగం హైదరాబాద్‌లోనో, మంగళగిరిలోనో కూర్చున్న ఏజెన్సీకి కాకుండా జిల్లా కమిటీకి జవాబు చెప్పాలి. ఆడవాళ్ల మీద బూతులు రాసేవాణ్ని ఎవరి మనిషైనా సరే బయటికి పంపే అధికారం ఆ కమిటీకి ఉండాలి. వీటికి చట్టం మారనక్కర్లేదు, పార్టీ నియమావళిలో నాలుగు వాక్యాలు మారితే చాలు.

స్థానిక ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఈ మాటకు పరీక్ష వస్తుంది. ఎంపీటీసీ, జడ్పీటీసీ, కౌన్సిలర్ అభ్యర్థి పేరును అక్కడి సభ్యులు తేలుస్తారా, ఎమ్మెల్యే జేబులోంచి చీటీ వస్తుందా అన్నది చూస్తే చాలు, ఏ పార్టీ మారిందో, ఏది గెలిచి ఊరుకుందో తెలిసిపోతుంది. సభ్యత్వంతో వచ్చే అయిదు లక్షల బీమా, కార్యకర్త ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు అందుతుంది. బతికుండగా పార్టీలో అతనికి ఒక ఓటు ఇవ్వడానికి ఏ పార్టీకీ పెద్ద ఖర్చు లేదు. ఇప్పటిదాకా ఇవ్వకపోవడానికి అడ్డు డబ్బు కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.